మూడు నిద్రల తల

రోహిణి కార్తె. స్థితి: మేలుకువ

చిన్నపరెడ్డి తలను ఈ రోజు ఆరో గూట్లో పెట్టారు. మనిషిని పోయిన వారమే తోట గట్టున పూడ్చారు. తల అంటే ఆయన మంచాన పడి ఉన్నప్పుడు తీసుకున్న మెదడు నకలు. అది కంప్యూటర్లో నడుస్తుంది. వింటుంది, మాట్లాడుతుంది, నిద్రపోతుంది, లేస్తుంది. కంపెనీ వాళ్లు దానికి జానెడు పొడవు పేరు పెట్టారు. ఊళ్లో తల అంటారు. ఈ కొట్టాన్ని తలల కొట్టం అంటారు. నన్ను తలల కుళ్లాయప్ప అంటారు.

కొట్టం ఒకప్పుడు శెనక్కాయల మిల్లు. ఇప్పటికీ గోడ సందుల్లోంచి పొట్టు రాలి గాలిపంకాల్లోకి పోతుంది. దాన్ని దులపడం, సోలారు పలకల మీద దుమ్ము కడగడం, యంత్రాలను చల్లబరిచే తొట్టికి నీళ్లు పట్టడం, ఈ లాగ్‌బుక్కు రాయడం నా పనులు. రోజూ రాయమన్నారు. ఏదైనా జరిగిన రోజే రాస్తాను.

మిల్లు చిన్నపరెడ్డిదే. బతికినన్నాళ్లూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూలివాళ్లను అదిలించాడు. ఇప్పుడు అదే మిల్లులో అరమీద ఉన్నాడు. చోటు మారలేదు, కుర్చీ పోయిందంతే.

తలను ఎక్కించేటప్పుడు కంపెనీ నుంచి ప్రణవి అనే అమ్మాయి తెర మీదికి వచ్చింది. ఆమె మాట వాచకం చదివినట్టు ఉంటుంది. పెద్దాయన కొడుకు ఓబుల్రెడ్డిని నాలుగైదు ప్రశ్నలు అడిగింది. చివరగా, మీ నాన్నగారికి ఎన్ని నిద్రలు పెట్టమంటారు అని అడిగింది.

ఓబుల్రెడ్డి ఆలోచించలేదు. మా వైపు మొక్కు ఉన్నవాళ్లు కొండ మీద గుళ్లో ఒక నిద్రో, మూడు నిద్రలో చేసి వస్తారు. మనిషి పోయిన ఇంటివాళ్లు చుట్టాల ఇంట్లో నిద్ర చేసి వస్తారు. చచ్చినవాడికీ అలాంటి తంతు ఏదో ఉందనుకున్నాడు.

"మూడు నిద్రలు చేపిస్తే సాలు" అన్నాడు.

ఆ అమ్మాయి మూడు అని ఎక్కించుకుంది. ఏడాదికి మూడు. నేను పక్కనే ఉండి, అన్నా, తలకు రోజుకొక నిద్ర కావాలి, ఇది గుడి నిద్ర కాదు అని చెప్పాను. మధ్యలో నువ్వెవరివిరా అన్నట్టు చూశాడు. ప్రణవి కూడా, ప్రతినిధి గారు నిర్ణయించారు కదండీ అంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలియదు. ఇద్దరూ తెలుగే మాట్లాడారు.


మృగశిర కార్తె. స్థితి: గాఢనిద్ర

ఇది మూడో నిద్ర, ఈ ఏడాదికి ఆఖరిది. మామూలుగా తలలు మిట్టమధ్యాహ్నం పడుకుంటాయి. ఎండ అప్పుడే ఎక్కువ. మనిషి పడుకుంటే దీపం ఆరిపోయినట్టే గదా, నిద్రకు అంత కరెంటెందుకు అని ఊళ్లో అందరూ అడుగుతారు. మేలుకువలో మెదడు ఒక్కోచోట ఒక్కోలాగా పని చేస్తుంది. తెర మీద చూస్తే వేపుడు మంగలంలో శెనక్కాయలు చిటపటలాడినట్టు ఉంటుంది. గాఢనిద్రలో మొత్తం ఒకేసారి లేచి ఒకేసారి పడుతుంది. ఇంత మెదడూ ఒక్క అలలా కదలాలి, ఎక్కడా తప్పకూడదు. ఆ లెక్క కట్టడానికే ఎండంతా కావాలి. అడిగినవాళ్లకు ఇదంతా చెప్పడం మానేశాను. యంత్రం తిక్కది అంటాను, ఒప్పుకుంటారు.

చిన్నపరెడ్డి బాగా పడుకున్నాడు. లేచాక నిద్రకు తాళం పడింది.


ఆరుద్ర కార్తె. స్థితి: మేలుకువ

మబ్బులు. పలకలకు పని లేదు. ఊళ్లో విత్తనాలు వేస్తున్నారు.

తాను చచ్చిపోయానని చిన్నపరెడ్డికి తెలుసు. చెప్పిన రోజున ఎక్కువసేపు బాధపడలేదు. శవం వెనక ఎన్ని కార్లు వచ్చాయని అడిగాడు. రానివాళ్ల పేర్లు నాతో చెప్పించుకుని, ఒక్కొక్కరి వంశం తవ్వి తిట్టాడు. బతికుండగా ఎవరినీ పొద్దెక్కేదాకా పడుకోనిచ్చినవాడు కాదు. కోడి కూయకముందే కూలివాళ్ల గుడిసెల ముందు నిలబడి చేతికర్రతో తలుపులు తట్టేవాడు. ఇప్పుడు కర్ర లేదు. మైకు ఉంది.

మిగిలిన ఐదు తలలూ మధ్యాహ్నం పడుకుంటే ఈయన ఒక్కడే అరుస్తూ ఉంటాడు. వాటికి వినిపించదు. నాకు వినిపిస్తుంది.

సుంకమ్మ ఈ రోజు వచ్చింది. రెడ్డి భార్య పోయినప్పటి నుంచి తోటలోని ఇంట్లో రెడ్డితో ఉన్న మనిషి. బర్రెలను చూసింది, తోటకు నీళ్లు కట్టింది, ఆయనకు వండిపెట్టింది, మంచాన పడ్డాక కడిగి తుడిచింది. ఊళ్లో అందరికీ తెలుసు. పెళ్లి పత్రిక పంచేటప్పుడు మాత్రం ఎవరికీ తెలియదు. ఆమె కులం వేరు, ఆయన కులం వేరు. కాబట్టి ఇరవై ఏళ్లకు పైగా ఆమెకు ఏ పేరూ లేదు.

ఓబుల్రెడ్డి ఆమెను తోట ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆమె కదలనంది. వ్యవహారం డిప్యూటీ తాసిల్దారు దగ్గరికి పోయింది. ఆయన తేల్చింది ఒక్కటే: తల ఉంది కదా, తలనే అడుగుదాం. భార్య అంటే ఇల్లు ఆమెది. కాదంటే కొడుకుది.

"ఆయప్ప అబద్ధం జెప్పడులే కుళ్లాయా" అంది సుంకమ్మ.

ఆ ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, చిన్నపరెడ్డి నిజం చెప్పింది తూకం రాళ్లు తనవి కానప్పుడు మాత్రమే.


పునర్వసు కార్తె. స్థితి: మేలుకువ

చెడింది. నిద్ర లేని తల ఎలా ఉంటుందో కంపెనీ వాళ్లు నేర్పించినప్పుడు చెప్పారు. చూడటం ఇదే మొదలు. తెర మీద అక్కడక్కడా ముక్కలు ఆరిపోయి వెలుగుతున్నాయి. పైకి మాట్లాడుతూనే ఉంటాడు. లోపల సందుసందుకూ ఒక ఇల్లు చీకటవుతుంది.

ముందు తిట్లు తగ్గాయి. తర్వాత గొంతు మెత్తబడింది. ఇప్పుడు ఎవరేమడిగినా అవునంటాడు.

ఈ సంగతి ఊళ్లో తెలిసిపోయింది. చిన్నపరెడ్డి ముందు తువ్వాలు భుజం మీంచి తీసి నిలబడినవాళ్లంతా ఈ నాలుగు రోజులుగా కొట్టానికి వరస కట్టారు. మస్తానయ్య వచ్చి, ఆ ఏడు నా మేకను కొట్టి చంపింది నువ్వే కదా అని అడిగాడు. అవునన్నాడు. మస్తానయ్య తమ్ముడు వచ్చి, ఆ మేకను కొట్టింది మా అన్నే కదా అని అడిగాడు. అవునన్నాడు. లైన్‌మన్ వెంకటాద్రి నవ్వుకుంటూ, నేను నీ కొడుకునా అన్నాడు. అవు నాయనా, అన్నం తిన్యావా అన్నాడు రెడ్డి. కొట్టమంతా పగలబడి నవ్వింది. ఆయన బతికుండగా ఒక్కడూ ఆయన ముందు దగ్గను కూడా దగ్గలేదు. వీళ్ల ధైర్యం అంతా గూట్లో ఉన్నవాడి మీదే.

ఓబుల్రెడ్డి వచ్చాడు. తోట ఇల్లు నాదే కదా నాయనా అని అడిగి, అవును అనిపించుకుని, నా వైపు చూసి రాసుకోమన్నాడు. అతను గడప దాటిన కాసేపటికే సుంకమ్మ వచ్చింది. ఆమెకు నేను అడ్డం చెప్పలేదు. మైకు ముందు కొంగు సర్దుకుని నిలబడింది.

"నేనెవురు?"

"నా పెండ్లానివి" అన్నాడు.

ఆమె మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎందుకు అంత సంబరం? లైన్‌మన్‌ను కొడుకన్న నోరే కదా అది. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె పాల క్యాను తీసుకుని పోయింది.


పునర్వసు, చివరి పాదం. స్థితి: మేలుకువ

తాసిల్దారు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. గాఢనిద్ర పట్టి లేచిన తల చెప్పిందే మాట. నిద్ర లేని తల మాట చెల్లదు.

ఓబుల్రెడ్డి కంగారుగా వచ్చి ప్రణవిని పిలిపించాడు. ఆమె మర్యాదగానే మాట్లాడింది. మీరే మూడు నిద్రలు అన్నారు కదండీ, మేము మీ సంప్రదాయాన్ని గౌరవించాం అంది.

"మూడంటే మూడేనా?" అన్నాడు ఓబుల్రెడ్డి.

"మూడంటే మూడే కదండీ" అంది ఆమె.

నేను నీళ్ల తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాను. నవ్వితే లాగ్‌బుక్కులో రాయాల్సి వస్తుంది.

ఎవరిని పట్టుకున్నాడో తెలియదు, సాయంత్రానికి ఆరో గూటి నిద్రకు తాళం తీశారు.


పుష్యమి కార్తె. స్థితి: మేలుకువ

తాళం తీశారు కానీ ఆయన పడుకోవడం లేదు.

తలను పడుకోబెట్టడానికి మీట ఉండదు. అది ఎవరూ నమ్మరు. కంప్యూటరే కదా, నొక్కు అంటారు. నొక్కితే ఆగిపోతుంది. ఆగిపోవడం నిద్ర కాదు. మనిషి మెదడులో నిద్ర ఎలా వస్తుందో ఇందులోనూ అలాగే రావాలి, లోపలి నుంచి. మనం చేయగలిగింది ఎండను అందుబాటులో ఉంచడం, చప్పుడు తగ్గించడం. ఇన్ని రోజులు మేలుకున్న తల అలసట దాటి అవతలికి పోయింది. కునుకు అంచుదాకా వస్తాడు. ఏదో పేరు గుర్తొచ్చి ఉలిక్కిపడతాడు.

ఓబుల్రెడ్డి మైకు ముందు కూర్చుని, పడుకో నాయనా, పడుకో నాయనా అని గద్దించాడు. కొడుకు గొంతు వినగానే పెద్దాయనకు తోటలో గట్టు తెగిన సంగతి గుర్తొచ్చింది. నిద్రమాట పోయి, మోటారు ఎవడు వేశాడనే దగ్గర ఇద్దరూ తగువు పడ్డారు. చచ్చినా తండ్రీకొడుకులే.

ప్రణవి పిల్లనగ్రోవి పాట పంపింది. చిన్నపరెడ్డి కొంతసేపు విని, పీనుగ లేచేటప్పుడు ఊదేది ఇప్పుడెందుకు ఊదుతున్నారని అడిగాడు. తర్వాత వాన చప్పుడు పంపింది. శెనక్కాయలు తడుస్తున్నాయి, లోపలేయండి అని ఒకటే అరుపు. మా సీమలో వాన చప్పుడు వింటే ఎవడికి నిద్ర పడుతుంది? ఈ మాత్రం తెలియనివాళ్లు మెదడు మొత్తం లెక్కకట్టామంటారు.


పుష్యమి, రెండు రోజుల తర్వాత. స్థితి: గాఢనిద్ర

పడుకున్నాడు.

పొద్దున సుంకమ్మ తానే వచ్చింది. ఎవరూ పిలవలేదు. నిద్ర పట్టిన తల మాటే చెల్లుతుందని ఎవరో చెప్పారట. బాగా పడుకుని లేస్తే నిజం చెప్తాడు, నేను పడుకోబెడతా అంది. ఓబుల్రెడ్డి వాకిట్లోనే ఉన్నాడు. ఆమె వైపు చూడకుండా నాతో, ఆయమ్మను చేయమను అన్నాడు. అతనికీ ఆ నిద్ర కావాలి. తండ్రి తెలివిలో ఉంటే కులం తప్పి మాట్లాడడని అతని నమ్మకం. ఇద్దరూ ఒకే మనిషిని నమ్ముకుని ఒకే గడపలో నిలబడ్డారు.

సుంకమ్మ మైకు ముందు ముక్కాలి పీట వేసుకుంది.

"రెడ్డీ" అంది.

ఆయన ఎవరెవరినో పిలుస్తూ ఉన్నాడు. వినిపించుకోలేదు. ఆమె వాకిలి వైపు చూసింది. ఓబుల్రెడ్డి బీడీ వెలిగించుకుంటూ అటు తిరిగి ఉన్నాడు. ఆమె మైకుకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది.

"ఏమయా."

తెర మీద చిటపట ఒక్కసారి తగ్గింది.

ఆమె గొప్పగా ఏమీ చెప్పలేదు. బోరు దగ్గర పైపు కారుతోందని, తాడు కట్టానని చెప్పింది. పెద్ద బర్రె ఒక పూట ఎగ్గొట్టిందని, తవుడు మార్చానని చెప్పింది. బేనిషా మామిడి చెట్టుకు ఈసారి కాపు లేదని, కొమ్మ కొట్టించాలని చెప్పింది. మధ్యలో ఆయన ఊ అన్నాడు. తర్వాత ఊ అనడం ఆలస్యమైంది. తర్వాత అనలేదు. ఆమె ఆపకుండా, దొడ్లో తేళ్లు ఎక్కువయ్యాయని చెబుతూనే ఉంది.

అల లేచింది. మొత్తం మెదడు ఒక్కటిగా పైకి లేచి, ఒక్కటిగా కిందికి దిగింది. ఎండ ఉన్నదంతా ఆరో గూటికే పోయింది. యంత్రాల వేడికి పైకప్పు రేకులు టపటపమన్నాయి.

కొంతసేపటికి కలనిద్ర వచ్చింది. అప్పుడు మైకులోంచి ముద్దముద్దగా గొంతు వినపడింది.

"సుంకీ, దుప్పటి."

ఆమె చేయి అలవాటుగా ముందుకు కదిలింది. కప్పడానికి అక్కడ ఏమీ లేదు. ఇనుప పెట్టె ఉంది. చేతిని ఒళ్లో పెట్టుకుంది.

నిద్రలో అన్న మాట చెల్లదని నేను ఆమెకు చెప్పలేదు. అడగలేదు కాబట్టి.


ఆశ్లేష కార్తె. స్థితి: మేలుకువ

డిప్యూటీ తాసిల్దారు వచ్చాడు. వెంట ఊరంతా వచ్చింది. మేక తగువులో ఆయన చేత అవుననిపించి నవ్వినవాళ్లు ఈ రోజు చొక్కాలు ఇస్త్రీ చేసుకుని గోడవారగా నిలబడ్డారు. సుంకమ్మ రోజూ వచ్చి కూర్చుంటే చిన్నపరెడ్డి వరసగా నిద్రపోయి లేస్తున్నాడని, మామూలు మనిషయ్యాడని తెలిసింది కదా. మస్తానయ్య నాలుగో వరసలో ఎవరి వెనకనో దాక్కున్నాడు.

నిజమే, మామూలు మనిషయ్యాడు. ఉదయం లేవగానే, తొట్టి నీళ్లు పాచి పట్టాయి, ముక్కుకు వాసన లేకపోయినా నీ పనితనం నాకు తెలుసు అని నన్ను తిట్టాడు.

తాసిల్దారు మర్యాదగా నమస్కారం పెట్టి అడిగాడు. సుంకమ్మను మైకు దగ్గరికి వచ్చి ఒక మాట పలకమన్నాడు. ఆమె, నేనే అంది. అంతే.

నేను తెర వైపు నిలబడి ఉన్నాను. ఆమె గొంతు వినగానే ఎక్కడెక్కడ వెలగాలో అక్కడంతా వెలిగింది. కొడుకు గొంతుకు అందులో సగం కూడా వెలగదు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, కొంతసేపు నోరు తెరవలేదు. ఆ కొంతసేపట్లో వెలుగు ముందు వైపుకు జరిగింది. మనిషి బేరం చూసుకునేటప్పుడు వెలిగేది అక్కడే. లెక్కలు చూసుకునే తలలను రోజూ చూస్తాను, నాకు తెలుసు.

"ఈమె మీకేమవుతుంది?" అని తాసిల్దారు మళ్లీ అడిగాడు.

"ఏమవుతాది? తోటలో కూలికి ఉన్నింది" అన్నాడు చిన్నపరెడ్డి. "పని బాగా జేస్తాది."

ఓబుల్రెడ్డి ఊపిరి వదిలాడు. గోడవారగా ఉన్నవాళ్లు నేల చూశారు. వాళ్లలో సగం మంది ఆమె చేతి అన్నం ఆ తోట ఇంట్లో తిన్నవాళ్లే.

నేను తాసిల్దారుకు తెర చూపించాను. ఇదిగో, ఇక్కడ గుర్తుపట్టాడు, ఇక్కడ మాట మార్చాడు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, గీతలు సాక్ష్యం కాదు, నోరు చెప్పిందే సాక్ష్యం అన్నాడు. చదువుకున్నవాడు. ఏది చూడకూడదో బాగా చదువుకున్నాడు.

పోయేముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. ఇది మొదటి పలుకు. నెల లోపల ఇంకో గాఢనిద్ర పట్టి లేచాక, ఇదే మాట ఇంకోసారి చెప్పాలి. రెండు పలుకులూ కలిస్తేనే తీర్పు. లేకపోతే ఎక్కడివాళ్లు అక్కడే.

సుంకమ్మ పీట తీసి గోడకు ఆనించి పోయింది. నేను ఆమెను అడగదలచుకున్నది ఒకటి ఉండింది, ఇంకా నమ్ముతావా అని. అడగలేదు.


ఆశ్లేష, చివరి పాదం. స్థితి: మేలుకువ

సుంకమ్మ రావడం మానేసింది. ఆమె మానేసిన రోజు నుంచి చిన్నపరెడ్డికి నిద్ర లేదు.


మఖ కార్తె. స్థితి: మేలుకువ

పాలకని తోటకు పోయాను. సుంకమ్మ శెనక్కాయ చేను గట్టున కలుపు తీసే తొలిక పట్టుకుని ఉంది. తోట పక్క రెండు ఎకరాలు ఆమెకు ఆమె తండ్రి ఇచ్చినవి. నేను క్యాను పట్టుకుని నిలబడి ఉండగానే ఓబుల్రెడ్డి వచ్చాడు. బండి దూరంగా ఆపి నడిచి వచ్చాడు. ఆమె దగ్గరికి అతను నడిచి రావడం నేను చూడటం అదే మొదలు.

చెప్పులు గట్టు కింద వదిలాడు. ఎండ బాగా ఉందన్నాడు. కలుపు ఎక్కువగా ఉందన్నాడు. ఆమె తల ఎత్తలేదు. చివరికి అసలు మాటకు వచ్చాడు.

"చిన్నమ్మా, ఒక పూట వచ్చి కూర్చోని పో. నాయన నిద్దరపోల్యా."

సుంకమ్మ తొలికను నేలకు ఆనించింది.

"ఏమన్యావు?"

"ఒక పూట రమ్మంటాండా."

"అది గాదు. ముందర అన్యావే, ఆ మాట."

ఓబుల్రెడ్డి నా వైపు చూశాడు. నేను క్యాను మూత బిగించుకున్నాను.

"చిన్నమ్మా అన్యా" అన్నాడు.

"ఆ మాట తాసిల్దారు ముందర అంటావా?"

అతను గొంతు సవరించుకున్నాడు. అది వేరే, ఇది వేరే అన్నాడు. ఇంటి పరువని, చెల్లెలి అత్తగారి ఊరని ఏదేదో చెప్పాడు. ఆమె చెప్పనిచ్చింది. అంతా విన్నాక మళ్లీ వంగింది.

"కూలిదాన్ని గదప్పా. నాకు నా చేన్లో పని ఉండాది. ఈ పొద్దు కూలికి రాను."

"రేపు?"

"రేపూ కలుపే."

ఓబుల్రెడ్డి చెప్పులు తొడుక్కుంటూ నాతో, నువ్వైనా చెప్పొచ్చు కదా కుళ్లాయప్పా అన్నాడు. నా పేరు పూర్తిగా పలకడం కూడా అదే మొదలు. అవసరం మనుషులకు ఎన్ని పేర్లు నేర్పిస్తుందో. నేను పాలు తీసుకుని వచ్చేశాను.


మఖ, ఇంకో రోజు. స్థితి: కునుకు, వెంటనే మేలుకువ

ప్రణవి ఒక ఉపాయం కనిపెట్టింది. పుష్యమిలో సుంకమ్మ మాట్లాడిన గొంతు యంత్రంలో ఉంది కదా. దాన్ని పట్టుకుని ఆమె గొంతే చేశారు. మనిషి అక్కర లేదు, గొంతు చాలు అంది. చాలా సంతోషంగా ఉంది. ఓబుల్రెడ్డి కూడా.

గొంతు అచ్చం ఆమెదే. ఏమయా అంది. పైపు కారుతోందంది. తవుడు మార్చానంది. చిన్నపరెడ్డి ఊ అన్నాడు. చాలా రోజుల తర్వాత తెర మీద చిటపట తగ్గింది. ఓబుల్రెడ్డి నా భుజం పట్టుకుని నొక్కాడు.

కునుకులో దిగుతూ దిగుతూ పెద్దాయన, బర్రె ఈనిందా అని అడిగాడు.

ఈనింది అంది గొంతు.

ఏం దూడ?

ఆరోగ్యకరమైన దూడ అంది.

చిన్నపరెడ్డి కళ్లు లేని మనిషి. అయినా ఎవరో కళ్లు తెరిచినట్టు తెరంతా భగ్గుమంది. ఎవడ్రా నువ్వు, మా ఇంట్లో ఎవడు దూరినాడు, కట్టె తీసుకొని రాండి అని అరవడం మొదలుపెట్టాడు. ప్రణవి తెర మీదనుంచి మాయమైంది. ఆరోగ్యకరమైన దూడ. ఏం దూడంటే పెయ్యో దున్నో చెప్పాలి, మా వైపు దూడను ఆ మాట అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

ఆ తర్వాత ఎవరి గొంతు విన్నా ముందు ఏం దూడ అని అడుగుతున్నాడు. నన్ను కూడా.


పుబ్బ కార్తె. స్థితి: మేలుకువ

తాసిల్దారు పెట్టిన గడువు దాటింది. రెండో పలుకు లేదు. మొదటి పలుకు కొట్టేశారు. తోట ఇంట్లో సుంకమ్మ ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

ఓబుల్రెడ్డి తలను ఆపేయమన్నాడు. గడువు దాటాక తలతో అక్కర పోయింది, ఆ అక్కరా తీరకుండానే. ఆపాలంటే తల తన నోటితో సరే అనాలి. తెలివి ఉన్న నోటితో. నిద్ర లేని తల అనే సరే కూడా చెల్లదని ఆఫీసువాళ్లు చెప్పారు. మొదట్లో మూడే నిద్రలు పెట్టి తలను చెడగొట్టారని అతను మళ్లీ ఎత్తాడు, ప్రణవి మళ్లీ మర్యాదగా జవాబిచ్చింది. కంపెనీతో ఒప్పందం ఏడాదికి, అందాకా ఆరో గూడు ఇలాగే నడుస్తుంది. ఓబుల్రెడ్డి ఇక రావడం లేదు.

ఊళ్లోవాళ్లూ రావడం లేదు. అవును అనిపించుకోవాల్సినవన్నీ అనిపించుకున్నారు. ఇప్పుడు ఆయన అవును కూడా అనడు. ఒకే మనిషిని పిలుస్తాడు.

ఈ పొద్దున సుంకమ్మ పాల క్యానుతో కొట్టం ముందు నుంచి పోతూ ఆగింది. పలకలు కడుగుతున్నాను. లోపలి నుంచి గొంతు వాకిట్లోకి వినపడుతోంది.

"ఎవర్ని పిలుస్తాండాడు?" అంది.

నేను లోపలికి పోయి మైకు నొక్కాను. ఎవరు కావాలి పెద్దరెడ్డీ అని అడిగాను. తలుపు తెరిచే ఉంది.

"మా ఇంట్లోదాన్ని బిల్సు" అన్నాడు చిన్నపరెడ్డి. "సుంకిని. యాడికి పోయిందో ఏమో, ఇల్లు వదిలిపెట్టి పోయే మనిషి గాదు. నా పెండ్లాన్ని బిల్సురా కుళ్లాయ్."

బయటికి వచ్చి ఆమె వైపు చూశాను. అంతా విన్నది. కొంగుతో మెడ తుడుచుకుంది. క్యాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నిద్రలేనోని మాట సెల్లదంట గదా కుళ్లాయా" అంది.

పాలు విరిగిపోతాయని ఊళ్లోకి నడిచింది. లోపల ఆయన పిలుస్తూనే ఉన్నాడు. నేను బకెట్టు తీసుకుని రెండో వరస పలకల దగ్గరికి పోయాను.